తోడు పిన్ని పోలీసు వ్యాను ఎక్కిన రోజు

మనిషన్నవాడు ఎక్కడికీ ఒంటరిగా వెళ్లకూడదన్నది తోడు పిన్ని పట్టు. ఎవరు పన్ను పీకించుకోవడానికి బయల్దేరినా, పక్కవీధికి ఉప్పు కోసం వెళ్తున్నా, "ఉండు, తోడొస్తా" అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టేది. కొత్త దంపతులను రైలెక్కించడానికి వెళ్లి, కబుర్లలో పడి, వాళ్ల మధ్యనే కూర్చుని తర్వాతి స్టేషను దాకా ప్రయాణం చేసిన ఘనత ఆవిడది.

అందరికంటే ఎక్కువ అవస్థ పడింది ఆవిడ దగ్గరే ఉంటున్న అక్క కూతురు బుల్లి. ఆసుపత్రి మందుల గదిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిస్తే, పిన్ని పక్క కుర్చీలో కూర్చుంది. "పొద్దున్నే డ్యూటీకి రాగలవా?" అని వాళ్లు బుల్లిని అడిగితే, "వస్తుంది గానీ, లేపడానికి నా అంత గొంతు ఉండాలి" అని ఈవిడ జవాబిచ్చింది. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో బుల్లికి ఇప్పటికీ అంతుపట్టదు.

"పిన్నీ, నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీ!"

"పీల్చుకోవే, నేనేమైనా అడ్డమొచ్చానా? పక్కనే ఉంటాను."

ఒక ఉదయం పోలీసులు తలుపు బాదారు. ఆసుపత్రిలో మత్తు ఇంజెక్షన్లు మాయమయ్యాయనీ, ఆ గదిలో మసిలేవాళ్ల ఇళ్లన్నీ వెతుకుతున్నామనీ చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఓ కాగితం గాల్లో ఊపి జేబులో పెట్టుకోబోయాడు.

"ఒకసారి చదవనివ్వండి" అంది బుల్లి, చెయ్యి చాపి.

కోర్టు ఇచ్చిన ఉత్తర్వే. చిరునామా కూడా వాళ్లదే. ఆపైన భయంతో బుల్లి కళ్లకి అక్షరాలు అలుక్కుపోయాయి.

పోలీసులు తలో గది వైపు నడిచారు. పిన్ని గబగబా ముందుకొచ్చింది.

"అయ్యో, మీకు కొత్తిల్లు. ఒక్కళ్లే ఎలా వెళ్తారు? తోడొస్తా."

"మాకు తోడేంటమ్మా!"

"నాకున్నవి రెండు కాళ్లే నాయనా. మీరలా విడిపోతే ఎవరి వెంట రాను? ఒక గది అయ్యాక ఇంకో గదికి వెళ్దాం."

"పనికి అడ్డొస్తే నీ మీదా కేసు పెడతా" అని ఇన్‌స్పెక్టరు కసిరాడు.

"అడ్డెందుకు బాబూ, వెనకాలే ఉంటా."

అన్నట్టే ఉంది. ఒకతను మంచం కిందికి వంగితే పక్కనే తనూ వంగింది. ఇంకొకతను స్నానాల గదిలో దూరితే బకెట్టు పక్కన నిలబడింది. అటక ఎక్కినవాడికి కుర్చీ పట్టుకుని, "జాగ్రత్త, పడితే మీ అమ్మకి నేను చెప్పలేను" అంది. పరుపు చీల్చినప్పుడు రాలిన దూదంతా ఏరి ఒళ్లో పోసుకుంది. బుల్లి లోపలి బట్టలు నేల మీద గుమ్మరించి ఒకడు నవ్వితే, వాడి కాళ్ల దగ్గరే కూర్చుని ఒక్కొక్కటే మడత పెట్టింది. వాడి నవ్వు ఆగింది.

ఏమీ దొరకలేదు. అయినా బుల్లి ఫోను లాక్కుని, "స్టేషనుకి పద" అన్నారు.

"ఎందుకు?"

"మందుల గది తాళం నీ దగ్గరుందిగా, అందుకు. అరెస్టు చేస్తున్నాం."

"ఆడపిల్లని ఇంతమంది మగాళ్లతో పంపనా? ఆడమనిషి రావాలి" అంది పిన్ని. ఇన్‌స్పెక్టరు పళ్లు నూరుతూ మహిళా కానిస్టేబుల్‌కి కబురు పెట్టాడు. ఆమె వచ్చేలోగా పిన్ని తనకి తెలిసిన వకీలమ్మకి ఫోను చేసింది. వకీలమ్మ పురిటికి తోడెళ్లింది కూడా ఈవిడే. "నేనొచ్చేదాకా నోరు విప్పొద్దు, సంతకం పెట్టొద్దు" అంది వకీలమ్మ.

వ్యాను దగ్గర మళ్లీ పేచీ.

"నిన్ను అరెస్టు చెయ్యలేదమ్మా!"

"పిలవకుండా రావడం నాకు అలవాటేలే" అంటూ ఎక్కేసింది.

వ్యాను కదిలాక బుల్లి చూసింది. పిన్ని చెయ్యి సీటు అంచుని బిగించి పట్టుకుని ఉంది. పెదవులు పాలిపోయాయి.

"భయంగా ఉందా పిన్నీ?"

"చచ్చేంత. చిన్నప్పటి నుంచీ నాకు అన్నిటికీ భయమే. పన్ను పీకే డాక్టరన్నా, రైలన్నా."

"మరి ఎందుకొస్తావు అన్నిటికీ?"

"నాకే ఇలా ఉంటే, ఒక్కదానివీ వెళ్తే నీకెలా ఉంటుందే?"

బుల్లి ఆ చేతిని పట్టుకుంది. దారంతా వదల్లేదు.

స్టేషనులో అడిగిందే అడిగారు. మొదట మెత్తగా, తర్వాత అరుస్తూ, చివరికి బల్ల మీద లాఠీతో కొడుతూ. "నేనే తీశానని ఒక్క ముక్క చెప్పు, ఇంటికెళ్లిపోతావు." ఆ ముక్క చెప్పేసి ఈ గదిలోంచి బయటపడితే చాలనిపించింది బుల్లికి. తలెత్తితే గుమ్మం బయట బెంచీ మీద పిన్ని కనిపించింది. నోరు విప్పొద్దన్న మాట తనకు కూడా అనుకుందేమో, రెండు చేతులూ నోటికి అదిమిపెట్టుకుని, గుడ్లు బయటికొచ్చేలా చూస్తోంది. అంత నరకంలోనూ బుల్లికి నవ్వు తన్నుకొచ్చింది.

"మా వకీలు వచ్చాకే మాట్లాడతా" అంది.

వకీలమ్మ వచ్చింది. ఇంట్లో ఏమీ దొరకలేదనీ, ఆ తాళాలు ఇంకా కొందరి దగ్గర ఉన్నాయనీ వాదించింది. సాయంత్రానికి, పిలిచినప్పుడల్లా రావాలన్న షరతు మీద బుల్లిని వదిలారు. కేసు మాత్రం అలాగే ఉంది.

"సోదా జరుగుతుంటే కళ్లారా చూసే హక్కు ఇంటివాళ్లకి ఉంది" అంది వకీలమ్మ. "నీకు పిన్ని ఉంది కాబట్టి సరిపోయింది. పాపం, ఆ అమ్మాయిని చూడు."

మూలన ఓ అమ్మాయి మోకాళ్లలో తలపెట్టుకుని ఉంది. ఆసుపత్రిలో నేల తుడుస్తుంది. ఆమెను బయట నిలబెట్టి గది వెతికారట. మంచం కింద సీసాలు దొరికాయన్నారట. ఒక చెంప వాచి ఉంది.

"పద పిన్నీ, వెళ్దాం" అంది బుల్లి.

పిన్ని అప్పటికే ఆ మూలకి వెళ్లి, నేల మీద చతికిలబడింది.

కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "ఎవరికి కబురు చెయ్యాలంటే ఎవరూ లేరన్నావు! ఈవిడ నీకేమవుతుంది?"

ఆ అమ్మాయి తలెత్తి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది.

"పెద్దమ్మ" అంది మెల్లగా.

పిన్ని భగ్గుమంది. "పెద్దమ్మేంటే? నాకంత వయసెక్కడ కనిపించింది నీకు? పిన్నిని! ఏం బాబూ, విన్నావా? పిన్ని అని రాసుకో."

అతను రాసుకున్నాడు. వకీలమ్మ నిట్టూర్చి, మూసిన సంచీ మళ్లీ తెరిచింది.