రాజకుమారి ఉప్పునీళ్లు

రాజకుమారి త్రాసు మీది కాగితంలోకి చెంచా కొసతో ఉప్పు రాలుస్తోంది. అండమాన్ దీవుల్లో మాయాబందర్ దగ్గరి ఆ చిన్న ఆసుపత్రికి ఓడ రాక సెలైన్ సీసాలు అయిపోయినప్పుడల్లా, పుండ్లు కడిగే నీళ్లు ఫార్మసిస్టుగా ఆమే కలుపుతుంది. లీటరుకు తొమ్మిది గ్రాములు. లెక్క చిన్నదే, కానీ ఆమెకు దేనిమీదా నమ్మకం లేదు. వానగాలికి చెమ్మెక్కిందేమోనని ఉప్పును పెనం మీద ఆరబెడుతుంది. త్రాసును మళ్లీ మళ్లీ సున్నాకు తెస్తుంది. జగ్గు మీది గీతకు కన్ను సమంగా ఉండేలా వంగి చూస్తుంది. ఈరోజు ఆ అనుమానం మనుషుల మీదికి మళ్లింది. పగడపు రాయికి పాదం చీరుకున్న గవరయ్య, నిన్నటి నీళ్లు భగ్గున మండాయని కట్టు విప్పనివ్వడం లేదు. లోపల చీము పడుతోంది.

"గౌతమీ, నిన్న నేనిచ్చిన నీళ్లను ఏం చేశావ్?"

"ఏం లేదు దీదీ. క్రిములు చావాలని ఇంకోసారి బాగా మరిగించా, బస్," అంది నర్సు.

"నీళ్లు ఆవిరైపోతాయి. ఉప్పెక్కడికి పోద్ది?"

గౌతమి నాలుక కరుచుకుంది. రాజకుమారి కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కరిగించి గీత దాకా నింపింది.

"ఇదీ మండదని గ్యారంటీ ఏటి మేడమ్? ముందు నువ్వేసుకో," అన్నాడు గవరయ్య.

ఆమె డ్రాపరుతో ఒక చుక్క తన కంట్లోనే వేసుకుని అతనివైపు చూసింది. ఆ కన్ను ఎర్రబడుతుందేమోనని అతను చాలాసేపు కనిపెట్టి చూసి, చివరికి కాలు చాపాడు.

రాజకుమారి జగ్గుకు మూతపెట్టి గౌతమి చేతికిచ్చింది.

"సీదా పుండు మీదికే. మధ్యలో పొయ్యి లేదు."