గంట మోగితే మేడెక్కే అత్తయ్య

మా అపార్ట్‌మెంటులో నాకు ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, మెడలో వేసుకోవడానికి ఒక విజిల్ ఉంది.

బెజవాడలో ఎక్కడో కరెంటు మీటర్ల దగ్గర మంటలు లేచాయని పేపర్లో చదివిన దగ్గర్నుంచి మా ప్రెసిడెంటు గారికి కుదురు లేదు. ఆయన బందరులో రొయ్యల వ్యాపారం చేస్తారు. చెరువులో ఒక్క రొయ్య తేలినా ఊరంతా ఫోన్లు చేసే రకం. మీటింగు పెట్టి, అంతస్తుకొక ఆడమనిషిని ఫైర్ గస్తీకి వేశారు. మగవాళ్ళని ఎందుకు వేయలేదండీ అంటే, "వాళ్ళకి సొంతింట్లో పాలు పొంగినా తెలీదమ్మా. మీకైతే పక్కింట్లో ఏ కూర మాడుతోందో వాసనతో తెలిసిపోతుంది" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చుకోలేక విజిల్ తీసుకున్నాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, అధికారం వస్తే వద్దంటానా?

మా ఐదో అంతస్తు మెట్ల మీద ఏ అడ్డూ లేకుండా చూడటం నా పని. అడ్డంటే చెప్పుల స్టాండూ, గాలి పోయిన సైకిలూ, అన్నిటికంటే ముఖ్యంగా ఎదురింటి వదినగారి బియ్యం బస్తాలు. కోతలయ్యాక పెదపారుపూడి నుంచి వాళ్ళకి ఏడాదికి సరిపడా వస్తాయి.

"వదినా, ఇవి లోపల పెట్టుకోండి. మంటొస్తే జనం దిగాలి కదా" అన్నాను.

"మంటొస్తే బియ్యం వదిలేసి పోతామా ఏంటి? ఏడాది తిండి!"

"మంటొస్తే అవి అన్నం అవ్వవు వదినా, బొగ్గవుతాయి."

"ఆ విజిలొచ్చాక నీ నోరు కూడా పెరిగింది" అని విసుక్కుంటూనే బస్తాలు హాల్లోకి లాగించింది. ఆ తర్వాత వాళ్ళింటికి ఎవరొచ్చినా వాటి మీదే కూర్చునేవారు.

అలా ఎదురింట్లో గెలిచాను. ఓడిపోయింది మా ఇంట్లోనే.

మా అత్తయ్యది దివిసీమ. నాగాయలంక దాటాక, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లె. ఉప్పెన వచ్చినప్పుడు చంటిపిల్లాడైన మా ఆయన్ని చంకనేసుకుని బడి డాబా ఎక్కింది కాబట్టి బతికింది. ఎక్కనివాళ్ళ సంగతి ఆవిడ చెప్పదు, మేమూ అడగం. ఆనాటి నుంచి ఆవిడ లెక్కలో ప్రమాదమన్నది కింది నుంచే వస్తుంది. మేం బందరులో ఇల్లు కొనేటప్పుడు మొదటి అంతస్తు ఫ్లాటు చూపిస్తే గుమ్మం కూడా తొక్కలేదు. ఐదో అంతస్తు బాల్కనీలోంచి తొంగి చూసి, "నీళ్ళు ఇక్కడిదాకా రావు" అంది. ఆ ఒక్క మాటకే కొనేశాం. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు కూడా ఆవిడ కంటినిండా నిద్రపోవడం ఈ ఇంటికొచ్చాకే చూశాను.

ఒక ఆదివారం ఫైర్ స్టేషను నుంచి ఆఫీసరు గారొచ్చి మొదటి డ్రిల్లు పెట్టారు. గంట మోగింది. నేను విజిల్ ఊదుతూ తలుపులన్నీ బాది, అందరినీ దింపి, చివర్న నేనూ దిగాను. తీరా కిందికొచ్చి చూసుకుంటే మా అత్తయ్య లేదు. మిగతా అంతస్తుల్లోనూ ముసలివాళ్ళు తగ్గారు.

"అదుగో, పైన!" అన్నారెవరో.

డాబా పిట్టగోడ వెనక మా అత్తయ్య నిలబడి ఉంది. పక్కన మరికొందరు ముసలివాళ్ళు. అందరూ దివిసీమ వాళ్ళే.

"మామ్మగారూ, కిందికి రండి!" ఆఫీసరు గారు అరిచారు.

"నీళ్ళు తీశాయా?" అని పైనుంచి అత్తయ్య.

"నీళ్ళు కాదండీ, నిప్పు!"

"నిప్పయితే మీరక్కడేం చేస్తున్నారయ్యా? మీరే పైకి రండి, బోలెడు చోటుంది!"

జనం పగలబడి నవ్వారు. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు. "అమ్మాయ్, నిజంగా మంటొస్తే పిన్నిగారిని ఎవరు దింపుతారు? మొదటి అంతస్తు అబ్బాయి గాలి కోసం పైకి మారతానంటున్నాడు. మీరు ఆ ఇంట్లోకి మారండి. వచ్చే ఆదివారం మళ్ళీ డ్రిల్లు పెడదాం. ఆవిడ దిగారా, సరే. దిగలేదా, మారాల్సిందే" అన్నారు. మా ఆయన తలూపారు. ఆ అబ్బాయి సాయంత్రమే వచ్చి మా బాల్కనీలో నిలబడి, గాలి బాగుందని చెప్పి వెళ్ళాడు.

అత్తయ్య ఆ పూట అన్నం కెలికి వదిలేసింది.

"కింది ఇంట్లో నాకు కునుకు పడుతుందటే అమ్మాయ్?"

"అయితే గంట మోగినప్పుడు దిగండి అత్తయ్యా. పొగ పైకే వస్తుంది."

"ప్రమాదమొస్తే దిగడమేంటే? బుద్ధున్నవాళ్ళెవరైనా దిగుతారా?"

ఇక నోటితో చెప్పి లాభం లేదనుకున్నాను. మర్నాడు ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర ఒలుస్తుంటే, కిటికీ మూసి, మూకుట్లో నాలుగు ఎండుమిరపకాయలు మాడ్చి, పొయ్యి కట్టేశాను. జాడీ కావాలన్నట్టు స్టూలెక్కి అటక మీదికి చెయ్యి చాపాను. ఘాటు నెత్తికెక్కింది. కళ్ళు, ముక్కు ఏకమయ్యాయి.

"దిగవే తల్లీ! ఘాటంతా పైనుంటే అక్కడ నిలబడతావేం? కింద కూర్చో!" అని అత్తయ్య కేకేసింది.

దిగి పక్కన కూలబడ్డాను. దగ్గు కాస్త తగ్గాక, "ఏమన్నారు అత్తయ్యా? మళ్ళీ చెప్పండి" అన్నాను.

ఆవిడ చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది. మూకుడు వంకా నా వంకా చూసింది.

"తాటాకింట్లో పొయ్యి ముందు కూర్చునే వండేదాన్ని. లేచి నిలబడితే పొగకి కళ్ళు కనబడేవి కావు" అంది మెల్లగా. అంతలోనే గొంతు పెంచి, "ఈ మాత్రానికి కాయలు తగలెయ్యాలటే? నోటితో చెప్తే పోదూ!" అంది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి వదినగారు తలుపు బాదింది. "గస్తీ గారూ! మాడేది మీ ఇంట్లోనేనా?"

ఆదివారం గంట మోగింది. అత్తయ్య గుమ్మం దాటి ఒకసారి డాబా మెట్ల వైపు చూసింది. నేను విజిల్ ఊదడం ఆపేశాను. తర్వాత కమ్మీ పట్టుకుని కిందికి అడుగు వేసింది. ప్రతి మలుపులో ఆగి, పైకెక్కబోతున్న ముసలివాళ్ళని, "పైకి కాదు వదినా, పొగుంటుంది, పద పద" అని వెనక్కి తిప్పింది. ఆవిడ మెట్ల మధ్యలో దిగుతుంటే వెనక మేమంతా తిరనాళ్ళలోలాగా నిలిచిపోయాం. పై అంతస్తులు తనిఖీ చేస్తానని ఎక్కిన ప్రెసిడెంటు గారు అందరికంటే వెనక చిక్కుకున్నారు.

"పిన్నిగారూ, కాస్త దారివ్వండి!"

"తోసుకోకూడదన్నారు కదయ్యా ఆఫీసరు గారు!"

కింద ఆఫీసరు గారు, "మామ్మగారూ, బాగా దిగారు. ఈసారి ఒక పక్కగా దిగితే వెనకవాళ్ళకి దారుంటుంది" అన్నారు. ఆఖర్న చెమటలు కక్కుతూ ప్రెసిడెంటు గారు వచ్చారు. "సరే పిన్నిగారూ, ఐదో అంతస్తు మీదే" అని అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయారు.

మొదటి అంతస్తు అబ్బాయి ముఖం చిన్నబోయింది. అత్తయ్య అది కనిపెట్టింది.

"గాలి కావాలంటే సాయంత్రాలు పైకి రా నాయనా. తుఫానొస్తే మాత్రం పెళ్ళాం పిల్లల్తో వచ్చెయ్. అందరికీ పక్కలు వేస్తాను."

"మరి నిప్పొస్తేనో మామ్మగారూ?"

"నిప్పొస్తే నేనే మీ ఇంటి మీదుగా దిగుతానుగా. తలుపు కొట్టి లేపుతాలే."