సిక్ రాసిన గుంట

అక్కావాళ్ళుండే ఖరగ్‌పూర్‌కి సరదాగా వెళ్ళింది నాలుగుసార్లు. తప్పక వెళ్ళింది ఈ ఒక్కసారే. కిందటిసారి వెళ్ళినప్పుడు అక్కని స్కూటీ మీద ఇందా బజారుకి తీసుకెళ్తుంటే, వేసి ఏడాది కూడా నిండని రోడ్డులో గుంట తగిలింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. అక్కకి తుంటి విరిగింది. పోలీసు కాగితంలో గుంట ఊసే లేదు. నడిపినవాడి అజాగ్రత్త అని రాసి నా మీద కేసు పెట్టారు. బావ రోడ్ల ఆఫీసు చుట్టూ ఆరు వారాలు తిరిగి, ఇంజనీరు వచ్చి గుంట చూసి కాగితం రాసిచ్చేలా ఒప్పించాడు. మంగళవారం పదకొండింటికి నేనూ అక్కడ ఉండాలి. కోర్టులో చూపించడానికి నాకు ఆ కాగితం తప్ప మరో ఆధారం లేదు.

సోమవారం సాయంత్రం అయిదున్నరకి విజయనగరంలో ఎక్కాల్సిన రైలు ఆరున్నరకి వచ్చింది. నాకు దొరికింది సైడ్ అప్పర్ బెర్తు. పొడుగు మనుషులు ఆ బెర్తు జోలికి పోకండి, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇంటి దగ్గర కట్టిచ్చిన పులిహోర బరంపురం రాకముందే అయిపోయింది. కింది బెర్తులో కూతురి పురుడుకి వెళ్తున్న పెద్దావిడ ఉంది.

"ఏటి పని మీద ఎల్తన్నావు బాబూ?" అనడిగింది.

"గుంట చూడ్డానికమ్మా."

"దానికి టిక్కెట్టేటి? మా ఊరొస్తే ఊరికే సూపిద్దును!"

చాలా రోజుల తర్వాత నవ్వాను.

బాలేశ్వర్‌లో టీ తాగి, ఏడున్నరకి ఖరగ్‌పూర్‌లో దిగాను. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడుగు గురించి అందరూ గొప్పగా చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే, సంచీ తేలిగ్గా పెట్టుకోండి. బావ సైకిలుతో వచ్చాడు. నా సంచీ హ్యాండిల్‌కి తగిలించి, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టరు దాకా నడిపించాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో పెయింటరు, వ్యాగన్ల మీద అక్షరాలు రాస్తాడు. ఇంకో ఏడాది సర్వీసు ఉంది.

"నువ్వు బెంగెట్టుకోకు రామూ. గుంట సుట్టూ తెల్లగీత గీసినాను. డేటు ఏసి, సిక్ అని రాసినాను. ఎగ్జామినరు సూసేదాకా ఒక్కడూ ముట్టడు," అన్నాడు.

పాడైన వ్యాగన్ మీద సిక్ అని రాశారంటే ఎగ్జామినరు చూసి సరేననేదాకా దాన్ని కదపరు. ముప్ఫై నాలుగేళ్ళుగా బావకి తెలిసిన పద్ధతి అది. ఆయన ధీమా చూసి నాకూ ధైర్యం వచ్చింది.

అక్క వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. మూడడుగులకే చెమటలు పట్టాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"కాలు సంగతి వొగ్గీ తమ్ముడూ. నీ మీద కేసు పోతే నాకదే సాలు," అంది.

ఇడ్లీ తిని, పదిన్నరకి ఆటోలో బయల్దేరాం. ఇందా వైపు పోయే ఆటోలు నిండితేగానీ కదలవు, పావుగంట ముందే ఎక్కి కూర్చోవడం మంచిది. దిగి చూస్తే గుంట లేదు.

బావ గీసిన గీత ఉంది. తేదీ ఉంది. సిక్ అన్న అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. గీత లోపల మాత్రం కొత్త తారు నల్లగా నిగనిగలాడుతోంది. గీత దాటి ఒక్క అంగుళం పొయ్యలేదు. అవతల రోడ్డంతా కంకర లేచిపోయి ఎలా ఉండేదో అలాగే ఉంది.

పక్కనే టీ కొట్టు నడిపే దీదీని అడిగాం. నిన్న పొద్దున కూలీలు బండితో వచ్చారట. గుంటలు పూడ్చమని పంపారు గాని ఏవో చెప్పలేదు. ఈ ఒక్కదానికే గుర్తు కనిపిస్తే, ఆఫీసువాళ్ళు గీసిందనుకుని సంతోషంగా పూడ్చేసి వెళ్ళిపోయారట.

బావ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. "మా యార్డులో అయితే..." అని ఆగిపోయాడు. దీదీకి రెండు టీలు చెప్పాను. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇంజనీరు పన్నెండుంపావుకి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, నాకంటే అలిసిపోయి ఉన్నాడు.

"గడ్డా కహా హై, దాదా?" అని గుంట ఎక్కడో అడిగాడు.

బావ అక్షరాల మీద చెయ్యి పెట్టి జరిగింది చెప్పాడు. తర్వాత హిందీలోనే అడిగాడు, "మా వ్యాగన్ పాడై తిరిగొస్తే, ఎవరు రిపేరు చేసి పంపారో దాని ఒంటి మీదే రాసుంటుంది. ఈ రోడ్డు వేసిందెవరు సార్? ఆ పేరెక్కడ?"

"అది వేరే సెక్షన్ దాదా. నేను చూసింది రాస్తాను, అంతే."

'తనిఖీ సమయంలో గుంట లేదు, అతుకు ఉంది' అని రాశాడు. అతుకు నిన్నటిదని రాయమని బతిమాలాను.

"నిన్న నేను చూడలేదు కదా," అన్నాడు. అబద్ధమూ కాదు. నా లైసెన్సు అడిగి వివరాలు రాసుకుని, సంతకం పెట్టించుకుని, నకలు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక అక్క అంతా విని, కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత బావ వైపు తిరిగింది. "నన్ను కుర్సీలో కూకోబెట్టి కోర్టుకి మోసుకెల్లండి. ఈడు నెమ్మదిగానే నడిపినాడని నానే సెప్తాను." బావ తల ఊపాడు గాని, అన్నం ముందు చెయ్యి అలాగే ఉండిపోయింది.

తిరుగు రైలు మూడూ నలభైకి. ఈసారి కిటికీ పక్క సీటు దొరికింది, దాని మీద మనసు లేదు. బాలేశ్వర్ దాటాక మరమరాల ముడీ పొట్లం కొనుక్కుని, కాగితం తీసి మొదట్నించి చదివాను. ఊరు మంచిదే. మనుషులు అంతకంటే మంచివాళ్ళు. టీ డబ్బులు కూడా దీదీ తీసుకోలేదు. కానీ ఈ ఒక్కరోజు ప్రయాణానికి ఇంత అలసట ఎన్నడూ లేదు.

కాగితంలో రోడ్డు వేసిన ఏడాది అన్నచోట 'రికార్డు చూడాలి' అని ఉంది. కాంట్రాక్టరు అన్నచోట ఒక అడ్డగీత. ఇంజనీరు సంతకం ఎంత చూసినా పేరు తెలియలేదు. కింద గుండ్రటి అక్షరాల్లో నా పేరు, ఊరు, వయసు, లైసెన్సు నంబరు ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. ఆ రోడ్డు గురించి రాసిన కాగితంలో పేరున్న మనిషిని నేనొక్కణ్ణే.