ష్! కోవాలాలు పడుకున్నాయి

క్లారీ డన్‌స్టన్ గొంతెత్తి మాట్లాడడు. అదొక్కటే అతని జబ్బు. మా కోవాలా ఆసుపత్రిలో వాటి మేతకు జామాయిల్ కొమ్మలు కోసి తెచ్చే పని అతనిది, తువ్వాళ్ళు ఉతికే పని నాది. ఇద్దరికీ జీతం లేదు, అంచేత ఎవరి మాటా వినాల్సిన అవసరమూ లేదు. అయినా అందరం అతని మాటే వినేవాళ్ళం. వినాలంటే చెవి తీసుకెళ్ళి అతని మూతి దగ్గర పెట్టాలి, అంతే.

"ష్! పడుకున్నాయి," అనేవాడు.

కోవాలా అన్నాక పడుకోక ఏం చేస్తుంది? రోజుకు నాలుగు గంటలు కళ్ళు తెరిస్తే గొప్ప, ఆ నాలుగూ తిండికే. మా ఆయన బతికున్నన్నాళ్ళూ అలాగే ఉన్నాడు. ఆయన కోసం ఎవరూ చెప్పులు విప్పి నడవలేదు.

క్లారీ మాత్రం బూట్ల మీద మేజోళ్ళు తొడుక్కుని వార్డులో తిరిగేవాడు. టెలిఫోన్‌ను తువ్వాలులో చుట్టేశాడు, అదీ నేను ఉతికిన తువ్వాలు. అది మోగితే దుప్పట్లో ఎవరో దగ్గినట్టుండేది. చూడవచ్చినవాళ్ళ చేతుల్లోంచి చిప్స్ పొట్లాలు లాక్కునేవాడు, కరకరలాడతాయని. ఒకసారి కప్పు మీద కూకబర్రా పిట్ట కూర్చుని, దాని కూతే అంత, పగలబడి నవ్వుతుంటే, నిచ్చెనేసుకుని ఎక్కి దానికీ "ష్" చెప్పి వచ్చాడు. అది ఇంకా నవ్వింది. దాని తప్పేం లేదు.

ఈ రోగం గేటు దాటి ఊళ్ళోకీ వచ్చింది. శనివారం ఫుట్‌బాల్ ఆటలో మా జట్టు గెలిస్తే ఊరంతా కేకలేస్తుంటే, ఇతను పక్కవాడి చెవిలో "భలే, భలే" అనేవాడు. మాంసం కొట్లో సాసేజీలు గుసగుసగా అడిగితే, కొట్టువాడు అదేదో దొంగసరుకనుకుని అటూ ఇటూ చూసి, కౌంటరు కిందనుంచి అందించాడట.

నాకు దేవుడు గొంతిచ్చాడు, చదువివ్వలేదు. ఇచ్చినదాన్ని వాడుకోవడం తప్పా?

"ఏమోయ్ క్లారీ, ఆకు తెచ్చావా?" అంటానో లేదో ఎగిరిపడేవాడు.

"మెల్లగా, డాట్! చర్చివీధి నార్మన్ హడలిపోతాడు."

చర్చివీధి నార్మన్ మనిషి కాడు. దొరికిన చోటు పేరూ, మాకు కబురు చేసినవాళ్ళ పేరూ కలిపి కోవాలాకు పెట్టడం మా ఆనవాయితీ. వీడు కారు గుద్ది కాలు విరిగి వచ్చిన ముసలి మగ కోవాలా. తోడు కావాలనిపించినప్పుడల్లా గొంతు విప్పేవాడు. పాత ట్రాక్టరూ ఆకలేసిన పందీ ఒకే మంచం మీద గురకపెట్టినట్టు ఉండేది. కిటికీ అద్దాలు వణికేవి. పక్కగూళ్ళలో ఉన్న మిగతావి కన్ను కూడా తెరిచేవి కావు.

"మరి వీడికి చెప్పవేం, ష్ అని?" అన్నాను.

"వాడు రోగి, డాట్. మనం సిబ్బంది."

అదే నాకు అంతుపట్టలేదు. నిరుడు చలికాలం దాకా ఈ మనిషి నవ్వితే బయట నిలిపిన కార్లు వాటంతటవే కూతలు పెట్టేవి. ఉన్నట్టుండి ఏం సోకింది ఇతనికి? ఒక సంగతి తెలియకపోతే నాకు తిన్నది అరగదు. ఆ ఏడాదంతా అరగలేదు.

ఇలా ఉండగా మా మేనేజరు ఫియోనా ఒక లౌడ్‌స్పీకరు కొనుక్కొచ్చింది. రోజూ మూడింటికి వచ్చినవాళ్ళను తిప్పి కోవాలాల కథలు చెప్పే పని మాలాగే జీతంలేని బెరిల్‌ది. మొగుడు పోయాక ఆమెను మంచం మీంచి లేపింది ఆ మూడింటి పనే. గొంతులో గడ్డ తీయించుకున్నాక మాట పూర్తిగా తిరిగి రాలేదు, ఎండుటాకు నేల మీద ఈడ్చినట్టుంటుంది. ఫియోనా ముందు మైకు ఆమె చేతికే ఇచ్చి చూసింది. అందులోంచి వచ్చిన గీరకు ముందు వరసలో పసివాడు బావురుమన్నాడు.

"ఏమీ అనుకోకండి, బెరిల్. రేపటినుంచి వేరే అమ్మాయి మైకులో చెబుతుంది. మీరు ఆకులు కడుగుదురుగాని," అంది ఫియోనా, టీ తాగుతూ.

బెరిల్ సరేనని తల ఊపి, గుండె మీది బ్యాడ్జి తీయబోయింది. పిన్ను ఊడి రాలేదు. అందరం టీ కప్పుల్లోకి చూశాం.

"మైకు పెడితే నార్మన్ తిండి మానేస్తాడు," క్లారీ గుసగుసలాడాడు.

"మీకెవరు చెప్పారు?"

"నార్మనే."

"క్లారీ, హాస్యాలొద్దు."

"సరే, మైకు పెట్టండి. ఆకులు కూడా మీరే కోసుకోండి. నిచ్చెన పైమెట్టు ఊగుతుంది, చూసుకుని ఎక్కండి."

ఫియోనా నిట్టూర్చింది. "రేపు మూడింటికి చివరి వరసలో నేనే నిలబడతాను. బెరిల్ మాట నాకు వినపడిందా, సరే. లేదా, మైకే."

మర్నాడు పొద్దున్నే తువ్వాళ్ళ బుట్టతో వార్డుకి వెళ్ళాను. లోపలినుంచి పాట! శ్రుతి లేదు, లయ లేదు, గొంతు మాత్రం మైలు దూరం వినపడేంత ఉంది. క్లారీ గూళ్ళు కడుగుతూ పాడుతున్నాడు, నార్మన్ వంత పాడుతున్నాడు. మిగతావన్నీ కొమ్మలను కరుచుకుని హాయిగా నిద్ర.

నన్ను చూసి టక్కున ఆపి, అలవాటుగా మూతి మీద వేలు పెట్టుకున్నాడు.

"ఎవరికి ఆ వేలు? వీటికి నిద్ర చెడుతుందన్నావుగా?"

"వీటికా? నెత్తిన పిడుగు పడ్డా లేవవు."

"మరి ఏడాదిగా నా నోరెందుకు కట్టేశావురా, దొంగ సచ్చినోడా?"

నేల తుడిచే గుడ్డను తెగ పిండాడు. "బెరిల్ ఆపరేషనయి వచ్చిన రోజు గుర్తుందా? మనమంతా గోలగోలగా మాట్లాడుతున్నాం. తనొక్కతే పెదవి విప్పలేదు, ఎవరైనా వింటారేమోనని. అందుకని..."

నా తిన్నది అరిగింది.

మూడింటికి బస్సు దిగిన జనం చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, బెరిల్ చుట్టూ ముందుకు వంగారు. ఆమె మెల్లగా మొదలుపెట్టింది. ఫియోనా చివరి వరసలో చేతులు కట్టుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి చిప్స్ పొట్లం మీద చెయ్యి వేశాడు. లాక్కుని నా గౌను జేబులో కుక్కేశాను.

"ష్! కోవాలాలు పడుకున్నాయి," అన్నాను. నా జన్మలో మొదటి గుసగుస అది.

కథ మధ్యలో నార్మన్ ట్రాక్టరు మొదలెట్టాడు. అద్దాలు వణికాయి. బెరిల్ ఆగి, వాడు ముగించేదాకా ఓపిగ్గా చూసింది.

"నా గొంతు ఎక్కడ పోయిందా అని వెతుకుతున్నాను. వీడు పట్టుకుపోయాడన్నమాట," అంది.

జనం నోళ్ళు నొక్కుకుని నవ్వారు. చివరి వరసలో అందరికంటే ఎక్కువగా ఊగిపోయింది ఫియోనా.

లౌడ్‌స్పీకరు ఇప్పుడు ఫుట్‌బాల్ మైదానంలో ఉంది. క్లారీ దాని కిందే కూర్చుని పక్కవాడి చెవిలో "భలే, భలే" అంటూనే ఉన్నాడు. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మీకు చెప్పానుగా అంటారా? గుసగుసగానే చెప్పాను.