వెనకనుంచి వచ్చిన ఆల్‌రైట్

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. నేను గూడ్సు రైలు డ్రైవర్ని. సిగ్నల్ కోసం అడవుల మధ్య గంటలు గంటలు ఇంజన్లో కూర్చున్నవాణ్ణి. దోమలు తప్ప నన్నెవరూ పలకరించలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది బెంగాల్లో ఖరగ్‌పూర్. మా అక్క మొగుడు, అంటే మా బావ, రైల్లో గార్డు. మా ఇద్దరికీ సైకిళ్ళ పిచ్చి. సెలవు దొరికితే గేరు సైకిళ్ళు రైల్లో వేసుకుని పురూలియా వెళ్ళి, అక్కడి అయోధ్య కొండ ఎక్కి దిగేవాళ్ళం. సాల చెట్ల మధ్య మెలికలు తిరిగే నున్నటి రోడ్డు, లోయలో నీళ్ళు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

"ఈ వయసులో ఇదేటి పిచ్చి మీకు?" అని అక్క తిట్టేది.

రైలు స్టేషన్ దాటగానే డ్రైవరు వెనక్కి చూస్తాడు, చివరి పెట్టెలోంచి గార్డు జెండా ఊపుతాడు. బండి క్షేమం అని అర్థం. కొండ దిగేటప్పుడు మేమూ అదే పాటించేవాళ్ళం. మలుపు తిరగ్గానే ముందున్న నేను "ఆల్‌రైట్" అని అరుస్తాను. వెనకనుంచి బావ "ఆల్‌రైట్" అంటాడు. బదులొస్తే వెనక్కి చూడక్కర్లేదు. రాకపోతే ఆగాలి.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం, మేం దిగడం మొదలుపెట్టేసరికి మబ్బు రోడ్డు మీదికి దిగిపోయింది. ముందు చక్రం తప్ప ఏమీ కనబడటం లేదు. "నువ్వు పదరా, యెనకాల నేనున్నాను గదా" అన్నాడు బావ.

ప్రతి మలుపులోనూ అరిచాను. ప్రతిసారీ బదులొచ్చింది. బావ గొంతే, ఆ జీరతో సహా, నా వీపుకి ఆనుకున్నంత దగ్గరగా. రోడ్డు తడి. బ్రేకులు వదలలేదు, వెనక్కి చూడలేదు.

కొండ కింద టీ కొట్టు నడిపే దీదీ నన్ను చూడగానే రెండు మట్టి కప్పుల్లో టీ పోసింది. పైనుంచి రెండు గొంతులు వినబడ్డాయట. నా టీ అయిపోయింది. బావ టీ మీద మీగడ కట్టింది. బావ రాలేదు.

ఫోన్లు పనిచెయ్యని చోటు. మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాను. కాళ్ళు పట్టేశాయి. సైకిలు తోశాను, తర్వాత దాన్ని పక్కన పడేసి పరిగెత్తాను. అక్కకి ఏ ముఖం చూపించను అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది. ప్రతి మలుపులోనూ "ఆల్‌రైట్" అని అరిచాను. చివరికి అది ఏడుపే. ఈసారి ఒక్క బదులూ రాలేదు.

పైనుంచి లెక్కేస్తే మొదటి మలుపులోనే బావ పడిపోయి ఉన్నాడు. గట్టు అవతల, రాళ్ళ మీద, కాలు ఒంటి కింద పడి నలిగి. రక్తం అప్పటికే గడ్డకట్టింది. కూరగాయల వ్యాను ఒకటి ఆపి ఆసుపత్రికి చేర్చాను. కాస్త ముందు తెచ్చుంటే కాలు దక్కేదన్నారు. తీసేశారు.

స్పృహ వచ్చాక బావ నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేను బతిమాలితే, గోడవైపే చూస్తూ చెప్పాడు.

"నా పక్కనే కూకున్నావు గదరా. కిందకి సూసి ఆల్‌రైట్, ఆల్‌రైట్ అని అరుస్తానే ఉన్నావు. సెయ్యియ్యరా అని ఏడిసినాను. ఒక్కసారైనా నాకేసి తిరగనేదు."

"బావా, నేను కిందున్నాను. టీ కొట్టు దీదీని అడుగు" అన్నాను.

"నా కళ్ళతో సూసినాను" అన్నాడు.

తర్వాత నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం ఒకసారి వీధి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "నిజం సెప్పు తమ్ముడూ. ఆడనే ఉన్నావా?"

లేనక్కా అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నా వెనక వచ్చింది ఎవరో, బావ పక్కన కూర్చున్నది ఎవరో, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

డ్యూటీకి వెళ్తూనే ఉన్నాను. స్టేషన్ దాటగానే వెనక్కి చూస్తాను. రైలు చివర పచ్చజెండా ఊగుతుంది. ఆ జెండా పట్టుకున్నది ఎవరా అని నాకు చెమటలు పడతాయి.