పెద్దమ్మ తీర్చుకున్న కక్ష

మా పెద్దమ్మ పోయిందని సూరత్ శివారులోని ఉన్ నుంచి ఆమె పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. కరోనా రెండో వేవ్ అది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు గానీ దక్కలేదు. ఆ మాట ఇంట్లో చెప్పగానే మా నాయనమ్మ చేతులు దులుపుకొని, "పీడ పోయింది" అన్నది. ఆ మాటకు నాయనమ్మను నేను క్షమించలేదు. ఈ నాలుగు ముక్కలు మీకోసం ఎంత రాస్తున్నానో, మావాళ్లు చదవాలని కూడా అంతే రాస్తున్నాను.

పెద్దమ్మ మా నాన్న మొదటి భార్య. నాయనమ్మకు సొంత తమ్ముడి కూతురు. మేనరికమే కావాలని నాయనమ్మే పట్టుబట్టి చేసింది. నాన్నకు సూరత్‌లో మగ్గాల కార్ఖానాలో పని దొరికితే అందరూ ఇక్కడికి వచ్చారు. వాళ్లకు మొదట ఆడపిల్ల, తర్వాత మగపిల్లవాడు. ఇద్దరూ బొద్దుగానే పుట్టారు. కొన్ని నెలలు గడిచేసరికి నోట్లో తెల్లపూత, విడవని దగ్గు, విరేచనాలు. పుట్టినప్పుడు భుజానికి వేసిన టీకా పుండు మానక చీము పట్టింది. ఏడాది నిండకుండానే ఇద్దరూ పోయారు.

రెండోసారి పిల్లల డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడట. ఒంట్లోకి వచ్చిన క్రిమిని పోల్చుకుని చంపే కణాలు రక్తంలో ఉంటాయి. ఒకసారి చూసిన క్రిమిని అవి గుర్తు పెట్టుకుంటాయి కూడా. తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డను కొన్ని నెలలే కాస్తుంది, తర్వాత సొంత కణాలే కాయాలి. ఈ పిల్లలకు అవి తయారే కాలేదు. ఆ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. మీరు దగ్గరి చుట్టాలు కాబట్టి ఇద్దరికీ ఒకే తాత నుంచి వచ్చి ఉంటుందన్నాడు.

నాన్న అంతా విన్నాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దమ్మ చెప్పబోతే ఎవరూ వినలేదు. "దీని రక్తమే చెడ్డది" అని నాయనమ్మ ఆమెను వెళ్లగొట్టి, బయటి సంబంధం చూసి మా అమ్మను తెచ్చింది. నేను ఆరోగ్యంగా పుట్టాను. ఆ తర్వాత నన్నే సాక్ష్యంగా చూపించి పెద్దమ్మను తిట్టేది.

పెద్దమ్మ ఊరికి పోలేదు. ఉన్‌లో మన మగ్గాల వాళ్లకు మెస్ పెట్టుకుని బతికింది. కాలేజీ నుంచి వస్తూ ఇంట్లో తెలియకుండా ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. చేపల పులుసులో తలకాయ ముక్క నాకే దాచిపెట్టేది. "అవన్నీ మర్చిపోవచ్చు గదా" అని ఒకసారి అంటే, "మర్చిపోతే నా పిల్లలు ఇంకోపారి సచ్చినట్టే" అన్నది. లాక్‌డౌన్‌లో ఇంటింటా ఇమ్యూనిటీ అంటూ కషాయాలు కాస్తుంటే గంటె పట్టుకుని నవ్వింది. "ఇప్పుడెర్కైంది అందరికి, నా పిల్లలకు లేనిదేందో."

మొదటి వేవ్ తగ్గాక నాయనమ్మ నన్ను మేనత్త కొడుక్కి ఇవ్వాలని నిశ్చయించింది. ఆ సంగతి పెద్దమ్మకు నేనే చెప్పాను. సూరత్‌లోనే నవాగామ్‌లో మేముండే గదిలో లగ్గం మాటలు నడుస్తుండగా ఆమె పిలవకుండానే వచ్చి, మాస్కు కిందికి లాగి నిలబడింది.

"కక్ష తీర్సుకుంటానికి వచ్చినవా?" అన్నది నాయనమ్మ.

"అవ్, కక్షే. నా రక్తం చెడ్డదన్నవు గద అత్తా. నా రక్తం మా నాయినది. మా నాయినకు యాడికెళ్లి వచ్చిందో నీకు గూడ ఆడికెళ్లే వచ్చింది. నీ కొడుకుకున్నది, ఆ పిలగాని తల్లి నీ బిడ్డకు గూడ ఉండొచ్చు. ఈ పిల్లకు, ఆ పిలగానికి పరీక్ష చేపియ్యాలె. డాక్టర్ ఏం చెప్పిండో జర నీ కొడుకునడుగు."

అందరూ నాన్న వైపు తిరిగారు. ఆయన నేల చూస్తూ, "చెప్పిండు" అన్నాడు.

బావ పరీక్షకు ఒప్పుకోలేదు. నేను పెద్దమ్మతో వెళ్లాను. ముందు ఆమె రక్తంలో లోపాన్ని పట్టుకుని, తర్వాత నాలో వెతికారు. నాన్న నుంచి వచ్చిన ఆ ఒక్క లోపం నాలోనూ ఉంది. ఒకటే కాబట్టి నాకేమీ కాదు. అదే లోపమున్నవాణ్ని చేసుకుంటే నాకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ గండం ఉంటుంది. పెళ్లి వద్దన్నాను. ఆమే చెడగొట్టిందని మావాళ్లు వాడంతా చెప్పారు. "చెడగొట్టిన. మంచిగ చెడగొట్టిన" అంటూ పెద్దమ్మ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది.

పెద్దమ్మ పోయిన పదోనాడు ఆమె మెస్‌లోనే వండి మూడు విస్తరాకులు వేశాను. మధ్యాహ్నం నాన్న ఒక్కడే వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాడు.

"ఒకటి మీ పెద్దమ్మది. ఆ రెండు ఎవ్వరియి?"

"నీ పిల్లలయి."

నేను రమ్మనలేదు. ఆయన లోపలికి రాలేదు, చెప్పులూ తొడుక్కోలేదు. కాలిపోతున్న బండ మీద ఒక కాలు మార్చి ఒక కాలు మోపుతూ, నేను వడ్డించడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.