ఇజ్రాయెల్ టీవీలో మా వీరవేణి ఏడుపు

రాజమండ్రిలో గోదావరి గట్టు దిగి మా జాలరి వీధికొచ్చి, ఇజ్రాయెల్ టీవీ ఆర్టిస్టు ఇల్లేదని అడగండి. చీమిడి ముక్కు పిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. నీలం తలుపు, వాకిట్లో దండెం మీద వల. ఆ ఆర్టిస్టు మా తోటికోడలు వీరవేణి. సినిమా వాళ్ళింటి పిల్లేమీ కాదు. నాతోపాటు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మార్కెట్టుకి నడిచిన మనిషి.

నా పేరు నాగరత్నం. నాకు నోరెక్కువని మా అత్త మహాలక్ష్మమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. ఉన్నమాటే, కాదనను. వేణికి మాత్రం అసలు నోరే లేదు. కాపురానికొచ్చిన కొత్తలో బేరం చెప్పడానికి కూడా సిగ్గుపడేది. "మీకు తోచిందే ఇవ్వండమ్మా" అనేది. అలా అంటే కొనేవాళ్ళకి ఏం తోస్తుంది, నా తలకాయ! పక్కనుంచి నేనే అరిచి గీపెట్టి ఆమె చేపలకీ ధర తెచ్చేదాన్ని.

తర్వాత తర్వాత గోదాట్లో చేప తగ్గింది. వేణి మొగుడు సత్తియ్య, అంటే నా మరిది, తెల్లారకుండా నావేసుకుని వెళ్ళి ఖాళీ బుట్టతో తిరిగొచ్చే రోజులు ఎక్కువయ్యాయి. కూతురు హర్షిత నర్సింగు చదువుతానంటోంది. సరిగ్గా అప్పుడే పాలకొల్లు నుంచి యెహెజ్కేలు గారని ఒకాయన మా వీధికి వచ్చాడు. ఇజ్రాయెల్ దేశంలో ముసలివాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని ఉందనీ, మన గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది అక్కడే ఉన్నారనీ చెప్పాడు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "నేనెళ్తానండి" అంది వేణి. అంతే, ఇంకో మాట లేదు. సత్తియ్య చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

అలా వెళ్ళింది. హైఫా అని సముద్రం ఒడ్డున ఊరట. అక్కడ ఆమెకు అప్పగించిన ముసలాయన పేరు అవ్నేర్. ఆయన మామూలు ముసలాయన కాదు, పేరున్న టీవీ నటుడు. పుట్టిల్లు మాత్రం మనలాంటిదే. ఆయన తండ్రి ఇరాక్ నుంచి వలసొచ్చి ఆ ఊరి మార్కెట్లో చేపలు అమ్మేవాడట. కొడుకు చిన్నప్పుడు పొలుసు గీకుతూ, కొనడానికొచ్చిన వాళ్ళందరి గొంతుల్నీ అనుకరించేవాడట. పటాలంలో ఉన్నప్పుడు నాటకాలు వేశాడు. ఆనక టీవీలో చేరి ఒకే సీరియల్లో ఏళ్ళ తరబడి పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం వేశాడు. వేణి ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వీధిలోకి తోసుకెళ్తే కూరగాయల కొట్టువాళ్ళు కూడా లేచి సెల్యూట్ కొట్టేవారట. "నాకూ కొడుతున్నారక్కా" అని ఫోన్లో కిలకిలా నవ్వింది. ఆ దేశం నుంచి ఆమె నవ్వు అంత గట్టిగా విన్నది ఆ ఒక్కసారే.

ఆ ముసలాయనకి చివర్లో ఒక వేషం వచ్చింది. మంచాన పడ్డ తాత వేషం. తాతకి సేవ చేసే పనిమనిషిగా వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. అయితే ఆయన ఆ అమ్మాయి చేతి ముద్ద మింగడు. మాటలు మరిచిపోతాడు. వేణి కనబడకపోతే మంకుపట్టు పడతాడు. విసిగిపోయిన డైరెక్టరు చివరికి వేణినే కెమెరా ముందు నిలబెట్టాడు. రోజూ చేసే పనులే చెయ్యమన్నాడు. దిండు సర్దింది, జావ పట్టింది, మూతి తుడిచింది. ఆ మూతి తుడవడం చూసి అక్కడివాళ్ళు ఆహా అన్నారట. ఇక్కడ మాకు నవ్వాగలేదు. మూతి తుడిస్తే నటి అయిపోతారంటే మా వీధి నిండా నటీమణులే.

అసలు కథ చివరి ఎపిసోడ్‌లో ఉంది. అది చెప్పేముందు మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మా వీధిలో ఆడది మొగుడి పేరు పలకదు. ఇప్పటి పిల్లలు పలుకుతారేమో, మేం పలకం. నేనూ మా ఆయన పేరు ఇక్కడ రాయను. బతికినన్నాళ్ళూ ఆయన, మా వారు, హర్షిత నాన్న, ఇలాగే గడుస్తుంది. నోరారా పేరు పలికేది ఆయన పాడె దగ్గర మాత్రమే. పెళ్ళాం రాగం తీసి, పేరు పెట్టి పిలిచి, ఏడవాలి. ఆ పిలుపు వినబడ్డాకే మగవాళ్ళు పాడెకి భుజం పెడతారు.

చివరి ఎపిసోడ్‌లో తాత చచ్చిపోతాడు. పనిమనిషి చూసి ఏడవాలి. వేణి నిలబడింది. ఏడుపు రాలేదు. కళ్ళలో మందు చుక్కలు వేశారు. నీళ్ళు కారాయిగానీ మొహం మాత్రం రాయిలా ఉందట. శవం వేషంలో పడుకున్న అవ్నేర్ ఒక కన్ను తెరిచి, "మీ ఊళ్ళో ఎలా ఏడుస్తారో అలా ఏడు" అన్నాడట. సరేనని వేణి కాళ్ళ దగ్గర చతికిలబడి రాగం అందుకుంది. ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పింది.

"పేరు లేకపోతే రాగం నడవదు కదక్కా. ముసలాయన పేరు పెడదామంటే, మంచాన ఉన్న మనిషి, నా నోటిమాట తగిలి నిజంగానే పోతాడేమోనని భయమేసింది. ఈలోగా నోటికి మీ మరిది పేరు వచ్చేసింది."

"ఓసి నీ మొహం మండా! బతికున్న మొగుణ్ణి పట్టుకుని పేరు పెట్టి ఏడ్చావటే?"

"ఏడ్చానక్కా. వచ్చిన దగ్గర్నుంచీ ఏడవలేదు కదా. అన్నాళ్ళదీ అప్పుడే వచ్చేసింది."

అక్కడితో ఆగినా బాగుండేది. డైరెక్టరుకి ఆ ఏడుపు తెగ నచ్చేసిందట. ఇటునుంచి ఒకసారి తీశారు. అటునుంచి ఒకసారి. చేతులు మాత్రం ఒకసారి, మొహం మాత్రం ఒకసారి. ప్రతిసారీ మొదటి నుంచి ఏడవమన్నారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. "చివరికొచ్చేసరికి ఆ పేరు పేరులా లేదక్కా. వట్టి చప్పుడులా ఉంది" అంది. నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, నా గోల నాది.

మేకప్ వేసే అమ్మాయి ఎవరో దాన్ని ఫోన్లో తీసి వేణికిచ్చింది. వేణి మొగుడికి పంపింది. అందులో అంతా ఉంది. వేణి జుట్టు విరబోసుకుని, "సత్తియ్యా, ఓ నా సత్తియ్యా, నావ కట్టుకొయ్య కాడే ఉంది, నువ్వేడకెళ్ళావయ్యా, కూడు చల్లారిపోయింది, ఎవరికి పెట్టనయ్యా" అని గుండెలు బాదుకుంటుంది. తర్వాత ఎవరో ఏదో కేక వేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. చచ్చిన ముసలాయన దగ్గుకుంటూ లేచి కూర్చుని, "వేణీ, మాయిం" అంటాడు. మాయిం అంటే వాళ్ళ భాషలో మంచినీళ్ళు. అక్కడితో ఆ వీడియో అయిపోతుంది.

ఇంట్లో పెద్ద రభసే అయింది. మా అత్త దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టింది. వీధిలో చావు ఏడుపులకు పెద్ద దిక్కయిన రత్తమ్మ, "బతికున్నోడి మీద రాగం తీస్తే ఊరికే పోదే" అని గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళింది. సత్తియ్య ఒక్కడే తేలిగ్గా తీసుకున్నాడు. టీ కొట్టు దగ్గర, రేవులో, కనబడ్డ ప్రతివాడికీ చూపించాడు.

"చూశావా వదినా, నేను పోయాక మా ఆవిడ ఎలా ఏడుస్తుందో ఎవడికైనా తెలుస్తుందా? నేను ముందే వినేశాను" అనేవాడు.

"సిగ్గులేకపోతే సరి" అనేదాన్ని.

"సిగ్గెందుకు వదినా? మా ఆవిడ నోట నా పేరు ఎంత బాగుందో!"

 మధ్యాహ్నం కునుకు తీసి లేచినప్పుడల్లా అచ్చం ఆ ముసలాయనలాగే దగ్గి, "వేణీ, మాయిం" అని కేక పెట్టేవాడు. ఇంట్లో వేణి లేదు. అయినా పిలిచేవాడు. అరుగు మీది ఆడవాళ్ళందరం నవ్వేవాళ్ళం. మా అత్త తిడుతూనే నీళ్ళు తెచ్చి ఇచ్చేది.

కొన్నాళ్ళకి అవ్నేర్ నిజంగానే పోయాడు. వేణి చేతిలోనే పోయాడు. కళ్ళు మూసి, గడ్డం కట్టి, దుప్పటి సర్దిందట. "ఏడుపు రాలేదక్కా" అని చెప్పింది. నాకు ఆ గొంతు అదోలా అనిపించింది. ఆ తర్వాత ఒక ముసలమ్మని అప్పగించారు. ఆమె పోతే ఇంకొకామె. మధ్యలో యుద్ధం వచ్చింది. సైరన్ మోగితే ముసలమ్మని ఎత్తుకుని మెట్లు దిగి, బాంబులకి తట్టుకునే గట్టి గోడల గదిలోకి వెళ్ళడం, మోత ఆగాక మళ్ళీ ఎక్కడం. భయంగా లేదా అని అడిగితే, "ఏమో అక్కా, అలవాటైపోయింది" అనేది. వచ్చెయ్యమని సత్తియ్య బతిమాలాడు. హర్షిత చదువు కానివ్వమని వేణి అంది. వీడియో కాల్‌లో మొహం కనబడేది గానీ మనిషి కనబడేది కాదు. మేం నవ్వితే కాస్త ఆలస్యంగా నవ్వేది, ఫోను సిగ్నల్ బాగోలేదనుకునేదాన్ని.

మొన్న శ్రావణంలో సత్తియ్య పొద్దున్నే వాకిట్లో వల బాగుచేసుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తే దారిలోనే ప్రాణం పోయిందన్నారు. వేణికి హర్షితే ఫోన్ చేసింది.  వేణి వినగానే, "గడ్డం కట్టారా?" అని అడిగిందట. మా అత్త మాత్రం, వేణి రాగం తీసిన రోజే ఇది రాసిపెట్టేశారని నేల కొట్టుకుంటూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. కొడుకుని పోగొట్టుకున్న ముసలిదాన్ని ఏమంటాం?

శవాన్ని అద్దెకు తెచ్చిన ఐస్ పెట్టెలో ఉంచి వేణి కోసం ఆగాం. మధురపూడిలో విమానం దిగి వచ్చేసరికి పాడె కట్టి సిద్ధంగా ఉంది. వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది. ఆమె ఆటో దిగింది. చేతిలో బ్యాగుకి విమానం వాళ్ళు కట్టిన కాగితం ఇంకా వేలాడుతోంది. పాడె పక్కన కూర్చుంది. మొగుడి గడ్డానికి కట్టిన గుడ్డ వదులైతే బిగించింది. పెదవి చివర కొంగుతో తుడిచింది. వంగిన వేళ్ళు తిన్నగా చేసింది. ఏళ్ళ తర్వాత మొగుణ్ణి చూస్తున్న మొహం కాదది, డ్యూటీకి ఎక్కిన మొహం.

అందరూ ఎదురుచూస్తున్నారు. రత్తమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, "పేరు పెట్టి పిలవ్వే తల్లీ. నీ గొంతు వింటేగానీ ఆడు కదలడు" అంది.

వేణి నోరు తెరిచింది. "సత్తియ్య" అంది. రేషన్ షాపులో పేరు పిలిచినట్టుంది. రాగం లేదు, తడి లేదు. ఇంకోసారి అంది. అదే తీరు. ఎండెక్కుతోంది. భుజం పట్టాల్సిన మగవాళ్ళు తువ్వాళ్ళు సర్దుకుంటూ నిలబడ్డారు, ఒక్కడూ వంగడు. వెనకనుంచి ఎవత్తో గొణిగింది.

"టీవీలో ఎవడి కోసమో గుండెలు బాదుకుంది. కట్టుకున్నోడికి కన్నీటి చుక్క లేదు చూడు."

"నోర్ముయ్యవే, నీ నాలిక తెగ్గొయ్య!" అని లేచాను నేను. హర్షిత నన్ను పట్టుకుని ఆపింది. నా మరిది ఏం పాపం చేశాడని, పాడె మీద కూడా పెళ్ళాం పిలుపు కోసం పడిగాపులు పడాలి? నాకు దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

వేణి నావైపు చూసింది. "నా దగ్గర లేదక్కా. వెతుకుతున్నాను, దొరకడం లేదు" అంది. ఏదో ఆలోచించి, "మీ మరిది ఫోన్లో అది ఉంటుంది. పెట్టించు" అంది.

హర్షిత తండ్రి ఫోన్ తెచ్చింది. వీడియో పైనే ఉంది, రోజూ చూసేవాడు కదా. సౌండ్ పెంచి తండ్రి తల దగ్గర పెట్టింది. సత్తియ్యా, ఓ నా సత్తియ్యా, అని హైఫా నుంచి వేణి గొంతు మా వాకిట్లో లేచింది. అమ్మో, ఆ గొంతు! రత్తమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. గొణిగినది కూడా ఘొల్లుమంది. మా అత్త, హర్షిత, నేను, ఒకరి మీద ఒకరం పడి ఏడ్చాం. మగవాళ్ళు వంగి పాడె లేపారు. హర్షిత ఫోన్ తీసి అరుగు మీద పెట్టింది. పాడె వీధి మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు వెనకే వెళ్ళింది. అంతసేపూ వేణి తన గొంతుని తనే, ఎవరో ఏడుస్తుంటే విన్నట్టు వింటూ కూర్చుంది.

దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. కేక వినబడింది. చప్పట్లు కొట్టారు. ముసలాయన దగ్గాడు.

"వేణీ, మాయిం."

 ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆ కేక వేసింది సత్తియ్యే. వేణి చటుక్కున లేచింది. లోపలికి వెళ్ళి కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచుకొచ్చింది. పాడె ఉన్న చోటికి వచ్చి ఆగింది. అక్కడ తడి నేల, నాలుగు బంతిపూలు ఉన్నాయి. గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఎవరక్కా నీళ్ళడిగింది?" అంది.

ఇంత నోరున్న దాన్నీ, కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. వేణి వచ్చి నా పక్కన కూర్చుంది. నా తల వెనక చెయ్యి పెట్టి, గ్లాసు నోటికందించి, కొంచెం కొంచెంగా పట్టింది. చుక్క కింద పడలేదు. కొంగుతో నా మూతి తుడిచింది.

"ఇంకాస్త తాగుతావా అక్కా?" అని అడిగింది.